వాలు నేల మీద బయటి మెట్లు కట్టించేవారికి హెచ్చరిక

ఇంటి వెనుక వాలుగా ఉన్న స్థలంలో మెట్లు కట్టే పనిని మేము ఒక కాంట్రాక్టరుకు అప్పగించాము. ఆయన వాలును కంటితో చూసి ధర చెప్పారే తప్ప, నీళ్లు నింపిన లెవెల్ పైపు పట్టి పై గడపకూ కింది నేలకూ మధ్య ఎత్తు ఎంతో కొలవలేదు. తొలి వానాకాలం గడిచేసరికి అడుగు మెట్లు కుంగిపోయి, గోడకూ మెట్లకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఏర్పడింది. టార్చి వేసి చూస్తే కాంక్రీటు కింద మట్టి కొట్టుకుపోయి అంతా బోలుగా కనిపించింది.

పైభాగంలో తవ్విన మట్టినే కింది వైపు పోసి, దిమ్మిసతో సరిగా కొట్టకుండా దాని మీదే కాంక్రీటు వేయడం ఇందుకు కారణం. సరిగా కుదించకుండా పోసిన మట్టి ఏళ్ల తరబడి తన బరువుకే కుంగుతూ ఉండవచ్చు. తప్పనిసరై మట్టి నింపాల్సి వస్తే, సుమారు 150 మిల్లీమీటర్ల పొరలుగా పోస్తూ, తగినంత తడిపి, ప్రతి పొరనూ గట్టిగా కుదించాలి. అంతకంటే మేలైన పద్ధతి, వాలునే మెట్లు మెట్లుగా కోసి, కదలని గట్టి నేల తగిలేదాకా తవ్వి, అన్నిటికంటే కింది మెట్టుకు లోతైన పునాది వేసి అక్కడి నుంచి పైకి కట్టుకుంటూ రావడం. పై మెట్ల బరువు కిందికి జారకుండా ఆపేది ఆ అడుగు మెట్టే.

కొలత తీయకపోవడం వల్ల ఇంకో ప్రమాదం కూడా వచ్చింది. పై నుంచి కట్టుకుంటూ వచ్చి, మిగిలిన ఎత్తునంతా చివరి మెట్టుకు వదిలేశారు. అది మిగతావాటిలో సగం ఎత్తు కూడా లేదు. వరుసగా ఒకే ఎత్తుకు అలవాటుపడిన కాలు అక్కడ తడబడుతుంది. మా ఇంట్లో పెద్దవారు చీకట్లో దిగుతూ పడబోయారు. మొత్తం ఎత్తు 1,200 మిల్లీమీటర్లయితే దానిని 8 భాగాలు చేసి, ప్రతి మెట్టునూ 150 మిల్లీమీటర్ల ఎత్తుకే కట్టాలి. మెట్టు ఎత్తుకు రెండింతలు, దానికి మెట్టు వెడల్పు (పాదం మోపే చోటు ముందు నుంచి వెనక్కి ఉండే కొలత) కలిపితే 600 నుంచి 650 మిల్లీమీటర్ల మధ్య రావాలన్నది పాత లెక్క. ఆ ప్రకారం ఈ మెట్లకు కనీసం 300 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి.

నీటి సంగతి కూడా ముందే తేల్చుకోండి. పై నుంచి వచ్చే వాననీరు మెట్ల కిందికి దూరకుండా ఎగువన కాలువ ఉండాలి. ప్రతి మెట్టుకూ ముందుకు నూటికి ఒకటి రెండు వంతుల వాటం ఉండాలి. నున్నటి పాలిష్ రాళ్లను బయటి మెట్లకు ఒప్పుకోకండి.

నేల కుంగితే తమకు సంబంధం లేదని కాంట్రాక్టరు తప్పుకున్నారు, ఒప్పంద పత్రంలో పునాది ఊసే లేదు కాబట్టి. తవ్వకం లోతు, మట్టి కుదింపు, కాలువ, కనీసం 7 రోజుల క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం), ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కాంక్రీటు పోసే ముందు స్వయంగా వెళ్లి గుంటలో ఇనుప చువ్వ గుచ్చి చూడండి. చేతి బలానికే అది సులువుగా దిగితే పని ఆపించండి. చివరి విడత డబ్బు ఒక పెద్ద వాన కురిసి, మెట్లు కదలలేదని చూసుకున్నాకే ఇచ్చేలా ఒప్పందంలో షరతు పెట్టండి.