మాగుంట లేఅవుట్‌లో గంటకు ఎనభై రూపాయల ఆట: ఏడు నెలల తర్వాత నా రివ్యూ

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక మందుల షాపు, దాని పక్కన జెరాక్స్ షాపు. రెండింటి మధ్య సన్నటి మెట్లు. రెండో అంతస్తు దాకా ఎక్కితే అద్దాల తలుపు, తలుపు ముందు చెప్పుల గుట్ట. చెప్పులు లెక్కపెడితే లోపల సీటు ఉందో లేదో తెలిసిపోతుంది. పద్నాలుగు జతలు దాటాయంటే మీరు మెట్ల మీద కూర్చోవాల్సిందే. బోర్డు మీద దానికో పేరు ఉంది గానీ మా కాలేజీలో ఆ పేరు ఎవరూ అనరు. "పైన" అంటారు. "సాయంత్రం పైనకి వస్తావా?" అంటే ఈ గేమింగ్ సెంటర్‌కే.

నేను ఈసీఈ మూడో సంవత్సరం. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరు, రోజూ బస్సులో వచ్చిపోతుంటాను. ఏడు నెలలుగా వారానికి ఒక్కరోజు, శుక్రవారం ల్యాబ్ అయిపోయాక, పైనకి పోతున్నాను. "అక్కడికి అమ్మాయిలు పోవచ్చా?" అని ఇప్పటికి ముగ్గురు అడిగారు. ముగ్గురికీ వేరువేరుగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే పోతుందని ఇది.

పోవచ్చు. మొదటిసారి నేనూ మా క్లాసమ్మాయీ కలిసి వెళ్ళాం. లోపల అందరూ మగపిల్లలే. తలుపు తీయగానే టెకెన్ అనే కొట్లాట ఆట ఆడుతున్న ఇద్దరిలో ఒకడు తల తిప్పి మమ్మల్ని చూశాడు. ఆ ఒక్క చూపుకి వాడు ఓడిపోయాడు. గెలిచినవాడు "థ్యాంక్సక్కా" అన్నాడు. అంతే, ఆ తర్వాత మమ్మల్ని పట్టించుకున్న నాథుడు లేడు. నడిపే ఆయన్ని అందరూ "అన్నా" అంటారు. ఆయన నన్ను "పాపా" అంటాడు. నెల్లూరులో పెళ్ళయి పిల్లలు పుట్టినా పాపే కాబట్టి నాకేం అభ్యంతరం లేదు. కౌంటర్ మీద "బూతులు మాట్లాడితే లేపేస్తాం, డబ్బులు వాపసు లేదు" అని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాడు. ఒకసారి నా కళ్ళ ముందే ఇంకా నలభై నిమిషాలు మిగిలున్న ఒకణ్ణి లేపి పంపించాడు కూడా. సీసీ కెమెరా ఉంది. ఇబ్బందల్లా టాయిలెట్. అదే అంతస్తులో ఉన్న ట్యూషన్ సెంటర్‌కీ దీనికీ కలిపి ఒక్కటే, దాని లోపలి గడియ సరిగ్గా పడదు. బయట ఒకరు నిలబడాలి. కాబట్టి ఇద్దరుగా వెళ్ళండి.

లోపల ఐదు టీవీలు. నాలుగింటికి పీఎస్ 4 (ప్లేస్టేషన్, అంటే టీవీకి తగిలించి ఆడే మిషన్), మూలలో ఉన్న పెద్ద టీవీకి దాని తర్వాత వచ్చిన పీఎస్ 5. ఎదురు గోడకి ఆరు కంప్యూటర్లు. పీఎస్ 4 గంటకి ఎనభై, ఇద్దరు ఆడితే నూట ఇరవై. పీఎస్ 5 నూట ముప్ఫై. అరగంటకి ఇవ్వరు. ఏసీ ఉంది, మే నెలలో అది ఉన్నట్టే అనిపించదు. తినడానికి కప్పు నూడుల్స్, కూల్‌డ్రింకులు. వాటి గురించి రాయడానికేం లేదు. కిందకి దిగి రోడ్డు దాటితే వేడివేడి కారం దోశ దొరికే ఊళ్ళో కప్పు నూడుల్స్ ఎందుకు తింటారో నాకర్థం కాదు.

ఇక కంట్రోలర్లు, అంటే రెండు చేతుల్తో పట్టుకుని ఆడే బటన్ల రిమోట్లు. వాటి వెనక వైట్‌నర్‌తో నంబర్లు వేసి ఉంటాయి. మూడో నంబరు ఇస్తే తీసుకోవద్దు. మీరు స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల) ముట్టుకోకుండా ఊరికే కూర్చున్నా ఆటలో కెమెరా, అంటే తెర మీద కనిపించే చూపు, మెల్లగా ఎడమకి పోతుంటుంది. దాన్ని డ్రిఫ్ట్ అంటారు. మొదటి రెండు వారాలు నాకే చేతకావట్లేదనుకున్నాను. తర్వాత ఇంటర్నెట్‌లో విప్పిన కంట్రోలర్ బొమ్మ చూసి నవ్వొచ్చింది. స్టిక్ కింద ఉండేవి రెండు చిన్న పొటెన్షియోమీటర్లు, తిప్పితే వోల్టేజీ మారే భాగాలు. ఫస్టియర్ ల్యాబ్‌లో తిప్పి తిప్పి రీడింగులు రాసుకున్నామే, అవే. ఒకటి అడ్డం కదలికకి, ఒకటి నిలువు కదలికకి. లోపల కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. రోజుకి పదిగంటలు వేరువేరు చేతులు దాన్ని నలిపితే పట్టీ అరుగుతుంది, ఆ పొడి అక్కడే పేరుకుంటుంది. అప్పుడు స్టిక్ నడిమధ్యలో ఉన్నా వోల్టేజీ కాస్త పక్కకి ఉన్నట్టు చూపిస్తుంది. మిషన్ నమ్మేది వోల్టేజీనే, మన వేలిని కాదు. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో ఈ రాపిడి ఉండదు. అన్న ఆరో నంబరుకీ ఏడో నంబరుకీ అవి వేయించాడు. వెళ్ళగానే ఆరో ఏడో అడగండి. లేవంటే టైం మొదలుపెట్టకముందే స్టిక్ వదిలేసి కెమెరా కదులుతుందేమో చూసుకోండి. మొహమాటపడితే ఎనభై రూపాయలు పోతాయి.

టీవీ సంగతి కూడా ఉంది. కిటికీ పక్క టీవీలో ఆడితే బటన్ నొక్కాక ఆటలో కత్తి లేవడానికి కాస్త ఆలస్యమయ్యేది. దాంట్లో గేమ్ మోడ్, అంటే బొమ్మ సవరణల్ని తగ్గించే సెట్టింగ్, ఆపేసి ఉంది. బొమ్మని నున్నగా చూపించడానికి టీవీ లోపల ఏవేవో సవరణలు చేస్తుంది, అందుకు పట్టే కాస్త సమయమే ఆ ఆలస్యం. సినిమాకైతే తెలీదు. ఎదుటివాడి కత్తి పడే క్షణాన్ని చూసి అడ్డుకోవాల్సిన ఆటలో ప్రాణం పోతుంది. అన్నకి చెబితే వెంటనే ఆన్ చేశాడు. మరుసటి వారం చూస్తే మళ్ళీ ఆఫ్. ఎవడో క్రికెట్ చూడ్డానికి మార్చాడట.

నేనాడేది ఘోస్ట్ ఆఫ్ సుషిమా. 2020లో వచ్చింది. 1274లో మంగోలు సైన్యం జపాన్‌లోని సుషిమా దీవి మీదికి దిగుతుంది, దాదాపు అందరూ చచ్చిపోయాక మిగిలిన జిన్ సకాయ్ అనే సమురాయ్ (జపాన్ యోధుడి) కథ. కత్తియుద్ధాల కోసం మొదలుపెట్టాను గానీ నన్ను పట్టుకున్నది గాలి. ఈ ఆటలో ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు తెర మీద ఉండదు. కంట్రోలర్ మధ్యలో ఉండే టచ్‌ప్యాడ్ పలక మీద వేలు పైకి జరిపితే గాలి వీస్తుంది. గడ్డి ఎటు వంగితే దారి అటు. (మూడో నంబరు కంట్రోలర్‌కి టచ్‌ప్యాడ్ కూడా పనిచేయదు. దాంతో ఆడినన్నాళ్ళూ నా దీవిలో గాలాడలేదు.) మొదట్లో గుర్రం రంగు, పేరు మనమే ఎంచుకోవాలి. నేను తెల్లదాన్ని తీసుకుని సోరా అని పెట్టాను. ఆకాశం అని అర్థమట.

ఇరవై రెండు గంటలు ఆడాక ఒక శుక్రవారం వెళ్ళి చూస్తే సేవ్ (ఎక్కడిదాకా ఆడామో మిషన్ దాచే ఫైలు) లేదు. ఆ మిషన్ మొరాయించిందని హార్డ్ డిస్క్ మార్పించారు. పాత దాంట్లో ఉన్నవన్నీ పోయాయి. ఇరవై రెండు ఎనభైలు పదిహేడు వందల అరవై. ఆ లెక్క నేను అక్కడే నిలబడి వేశాను. అన్న తల గోక్కుని "రెండు గంటలు ఫ్రీగా ఆడుకో పాపా" అన్నాడు, ఒక కూల్‌డ్రింక్ కూడా ఇచ్చాడు. కూల్‌డ్రింక్ తాగాను. కోపం మాత్రం పోలేదు. మార్చేముందు అడిగి ఉంటే కాపీ తీసుకునేదాన్ని కదా. పీఎస్ 4లో సేవ్‌లని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. ఈ సంగతి సెంటర్ నడిపే ఆయనకి తెలియకపోవడమే నాకు విడ్డూరం. ఇప్పుడు నా సొంత అకౌంట్ తెరుచుకున్నాను, దానికి డబ్బు కట్టక్కర్లేదు. నా సేవ్‌లు దాని కిందే ఉంటాయి, ప్రతి శుక్రవారం లేచేముందు పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తాను. కథ ఉన్న ఆటలు ఆడేవాళ్ళు ఇది మొదటి రోజే చేసుకోండి. పీఎస్ 5లో ఆ మిషన్ ఆటల సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి రావు, అందుకే నేను నూట ముప్ఫై పెట్టి ఆ మూలకి పోను. ఒక్కసారి పోయాను. విల్లు లాగుతుంటే కంట్రోలర్ బటన్ వేలి కింద బిగుసుకుంటుంది. బాగుంది, కానీ యాభై రూపాయల బాగు కాదు.

చిత్రమేమిటంటే రెండోసారి మొదలుపెట్టాక నేను కథని తోసుకుంటూ పోవడం మానేశాను. పోయేది ఎటూ పోయింది. ఒక శుక్రవారం గంటంతా గుర్రం మీద గడ్డిలో తిరిగాను. ఒక్కణ్ణి కూడా చంపలేదు. పక్క సీటు పిల్లాడు, ఎనిమిదో తరగతి ఉంటాడు, కాసేపు చూసి "అక్కా, మీకు మిషన్ ఎట్ట చేయాలో తెలీట్లేదా?" అని జాలిపడ్డాడు.

డబ్బు కట్టి గడ్డి చూడటమేంటని నేనూ ఆలోచించాను. నా ఆటల చరిత్ర అంత గొప్పది కాదు. మాది పదో తరగతి పరీక్షలు రాయకుండా పాసైన 2021 బ్యాచ్. అంతకుముందు ఏడాది ఆన్‌లైన్ క్లాసుల కోసమని నాయన ఫోన్ కొనిచ్చాడు, అందులో క్లాసుల కంటే పబ్జీ ఎక్కువ నడిచింది. 2020 సెప్టెంబరు 2న దాన్ని నిషేధించారు. అప్పటికే ఫోన్‌లో ఉన్నవాళ్ళకి అక్టోబరు 30 దాకా నడిచింది, ఆ రోజు సర్వర్లు ఆపేశారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. కరోనా రోజులు కదా, అమ్మ కంగారుపడి పక్కింటి నుంచి ఆక్సీమీటర్ తెచ్చి నా వేలికి పెట్టింది. తొంభై తొమ్మిది చూపించింది. మరుసటి ఏడు అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. పద్దెనిమిది నిండనివాళ్ళు పెద్దవాళ్ళ ఫోన్‌కి వచ్చే ఓటీపీ కొట్టాలన్నారు. ఓటీపీ నాయన ఫోన్‌కే వచ్చేది. నాయన ఫోన్ నా చేతిలోనే ఉండేది.

అది ఉచితం. అందుకే దానికి చివర లేదు. చచ్చిపోతే ఇంకో మ్యాచ్, గెలిస్తే ఆ ఊపులో ఇంకో మ్యాచ్. రాత్రి రెండింటికి ఫోన్ వేడెక్కి చెయ్యి కాలుతుంటే దుప్పటి కొంగు చుట్టి పట్టుకుని ఆడేదాన్ని. ఏం ఆడానో ఒక్క మ్యాచ్ కూడా ఇప్పుడు గుర్తులేదు. పైన అలా కుదరదు. నాకు వారానికి మిగిలేది వంద. ఆ వందలో ఒక గంట. ఆరింటికల్లా లేచి ఆత్మకూరు బస్టాండుకి పోకపోతే బుచ్చిలో దిగాక మా ఊరికి షేర్ ఆటో ఉండదు. "పాపా, ఐదు నిమిషాలు" అని అన్న కేక వేయగానే నాకు ఇంకొక్క గంట కావాలనిపించదని చెప్పను. అనిపిస్తుంది. జేబులో ఇరవై రూపాయలే ఉంటాయి, లేస్తాను. బస్సులో మాత్రం ఆ గంట మొత్తం మొదటి నుంచి చివరి దాకా గుర్తుంటుంది. శనివారం కూడా గుర్తుంటుంది. ఫోన్‌లో బీజీఎంఐ తీసేసి ఐదు నెలలైంది. పంతం పట్టి తీసేయలేదు, స్టోరేజీ చాలక తీసేశాను, మళ్ళీ వేయాలని గుర్తురాలేదు.

ఎవరు వెళ్ళకూడదో కూడా చెబుతాను. ఆదివారం నాలుగు దాటాక వెళ్ళొద్దు, ఫుట్‌బాల్ ఆడే బ్యాచ్ మొత్తం అక్కడే ఉంటుంది, ఆ అరుపుల్లో మీ ఆట మీకు వినపడదు. రొట్టెల పండగ రోజుల్లో అసలు ఆ వైపే రావద్దు, దర్గామిట్ట ట్రాఫిక్‌లోనే మీ గంట అయిపోతుంది. కంప్యూటర్ల మీద ఆడేవాళ్ళకి కుర్చీలు బాగాలేవు, రెండింటికి వీపు ఆనదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రెండు టీవీలే నడుస్తాయి, మిగతావాళ్ళ టైం కాగితం మీద రాసి పెట్టుకుని తర్వాత ఇస్తాడు. ఆ విషయంలో అన్న ఖచ్చితం, నా పదకొండు నిమిషాలు మూడు వారాల తర్వాత కూడా గుర్తుపెట్టుకుని ఇచ్చాడు. మొత్తంగా నా మార్కులు ఐదుకి మూడున్నర. టాయిలెట్ గడియ బాగు చేయిస్తే నాలుగు.

ఇంట్లో తెలుసా అని అడిగారు ఒకరు. తెలుసు. గంటకి డబ్బు కట్టి ఆట అనగానే నాయన రమ్మీ అనుకున్నాడు. మా ఊళ్ళో ఫోన్‌లో రమ్మీ ఆడి పొలం అమ్ముకున్న మనిషి ఉన్నాడు. ఆ డబ్బాటల్ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారని, ఇది అద్దెకి సైకిల్ తీసుకున్నట్టని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు. దాంతో తర్వాతి శుక్రవారం తెర మీద ఆటని ఫోన్‌తో వీడియో తీసి ఇంటికి తెచ్చాను. గాలికి తెల్లటి గడ్డి వెన్నులు వంగుతుంటే సోరా వాటి మధ్యన పోతున్న వీడియో, నిమిషం పైన ఉంటుంది.

నాయన ఫోన్ దూరంగా పెట్టి చూశాడు. కాసేపాగి "ఎవురిదమ్మే ఈ చేను? అంతా రెల్లు పట్టిపోయిందే" అన్నాడు. జపాన్ నాయనా అన్నాను. "నీళ్ళు లేక వదిలేశారా?" అన్నాడు. యుద్ధం వచ్చిందని చెప్పాను. తల ఊపి మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి చూశాక అడిగాడు, "గుర్రానికి మేత ఎప్పుడేస్తావు?"

ఆ ఆటలో గుర్రానికి మేత వేసే బటన్ లేదు. "వేశాను నాయనా" అన్నాను.