గ్వాంగ్జూ 5.18 స్మారకాలు: ఒక్క రోజులో ఎలా చూడాలి

దక్షిణ కొరియా వెళ్లే మనవాళ్లలో చాలామంది సియోల్, బూసాన్ చూసి తిరిగొచ్చేస్తారు. ఒక రోజు మిగిలితే గ్వాంగ్జూకి ఇవ్వండి. 1980 మే 18 నుంచి 27 దాకా చున్ దూ-హ్వాన్ సైనిక పాలనకు ఎదురు నిలిచిన ఊరిది. సైన్యం చేతిలో చనిపోయినట్టు గుర్తించిన పౌరులే 160 మందికి పైగా. ఆచూకీ దొరకనివాళ్లు వేరే.

సియోల్‌లోని యోంగ్సాన్ స్టేషన్‌లో కేటీఎక్స్ అనే వేగ రైలు ఎక్కితే సుమారు రెండు గంటల్లో గ్వాంగ్జూ-సోంగ్జోంగ్. అక్కణ్ణుంచి మెట్రోలో గుమ్నామ్-నో వీధికి వచ్చి సిటీ బస్సు 518 పట్టుకోండి. ఆ నంబరు కావాలని పెట్టిందే, నేరుగా అప్పటి మృతుల జాతీయ శ్మశానవాటికకు పోతుంది. తరచుగా రాదు కాబట్టి తిరుగు బస్సు వేళ దిగగానే చూసి పెట్టుకోవాలి. ఈ స్మారకాల్లో ఎక్కడా ప్రవేశ టికెట్ లేదు.

1997లో కట్టిన ఈ కొత్త శ్మశానం విశాలంగా, శుభ్రంగా ఉంటుంది. 40 మీటర్ల స్తూపం ముందు అగరొత్తులు వెలిగించి, వెనక సమాధుల వరసల్లోకి వెళ్లండి. రాయి ముందువైపు పేరు చూసి కదిలిపోవద్దు. ఇంటివాళ్లు చెక్కించిన మాటలు వెనకవైపు ఉంటాయి. అంతా కొరియన్‌లోనే కాబట్టి ఫోన్‌లో పాపగో అనే అనువాద యాప్ ముందే దించుకోవాలి. ఈ చోటుకున్న పెద్ద లోటు ఇదే.

చాలామంది ఇక్కడితో వెనక్కి తిరుగుతారు, అది పొరపాటు. నడిచి వెళ్లే దూరంలోనే మాంగ్వోల్-దోంగ్ పాత శ్మశానం ఉంది. 1980లో శవాలను చెత్త లారీల్లో తెచ్చి పూడ్చింది ఇక్కడే. 1987లో బాష్పవాయు గోళం తగిలి చనిపోయిన విద్యార్థి లీ హాన్-యోల్, 2015లో పోలీసుల నీటి ఫిరంగి దెబ్బకు కూలి మరుసటి ఏడు కన్నుమూసిన రైతు బేక్ నామ్-గి కూడా ఇక్కడే ఉన్నారు. దారిలో నేలలో పాతిన ఒక పగిలిన రాయి కనిపిస్తుంది. చున్ ఒక పల్లెలో బస చేసినందుకు వేసిన శిలాఫలకం అది. జనం పగలగొట్టి తెచ్చి, వచ్చేవాళ్లు తొక్కి నడిచేలా పెట్టారు.

మధ్యాహ్నం ఊళ్లోకి వచ్చాక ముందు జోనిల్ బిల్డింగ్ 245. అన్నింటిలోకీ ఎక్కువ సమయం దీనికే ఉంచండి, కనీసం గంటన్నర. పదో అంతస్తులో నేల మీద, స్తంభాల మీద తూటా గుర్తులను పూడ్చకుండా ఉన్నవున్నట్టు వదిలేశారు. వంగి చూస్తే తూటా ఏటవాలుగా పైనుంచి దిగినట్టు తెలుస్తుంది. అంత ఎత్తు నుంచి కిందికి కాల్చగల భవనం అప్పట్లో చుట్టుపక్కల లేదు. అందుకే అది హెలికాప్టర్ నుంచి కాల్చిన కాల్పులని ఫోరెన్సిక్ నిపుణులు తేల్చారు. మొదట లెక్కపెట్టినవి 245, వీధి చిరునామా అంకె కూడా అదే. తర్వాత ఇంకా దొరికి 270 అయ్యాయి. హెలికాప్టర్ కాల్పులే జరగలేదన్న సైన్యం మాటకు ఈ నేలే జవాబు.

ఎదురుగా ఉన్న పాత ప్రావిన్స్ కార్యాలయంలో మే 27 తెల్లవారుజామున చివరిదాకా నిలబడ్డవాళ్లు చనిపోయారు. దాన్ని సాంస్కృతిక కేంద్రంలో కలిపినప్పుడు రంగులు వేసి ఆనవాళ్లు చెరిపేశారు. 1980లో ఉన్నట్టే తిరిగి నిలపాలని బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు అక్కడే బైఠాయించి సాధించుకున్నారు. లోపలికి వదులుతున్నారో లేదో వెళ్లేముందు కనుక్కోండి.

అదే వీధిలో, పాత కాథలిక్ సెంటర్‌లో రికార్డుల భవనం ఉంది. 2011లో యునెస్కో జాబితాకెక్కిన పత్రాలు, పౌరుల డైరీలు, బజారు ఆడవాళ్లు అన్నం ముద్దలు చేసి పంచిన సత్తు గిన్నె చూడొచ్చు. సోమవారం సెలవు. మే 18 ఉదయం శ్మశానంలో ప్రభుత్వ కార్యక్రమం, భద్రత తనిఖీలు ఉంటాయి. నింపాదిగా చూడాలంటే వేరే రోజు మేలు.

సాయంత్రం 5:18కి కార్యాలయం ముందరి చౌకులో గడియార స్తంభం నుంచి ఉద్యమ గీతం రోజూ మోగుతుంది. ఐదింటికల్లా అక్కడి ఫౌంటెన్ దగ్గర ఉండండి.