రైజెన్ 7 5800ఎక్స్‌పై థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ: పెద్ద కూలర్ పెట్టినా వేడి తగ్గకపోతే

ఏఎండీ 2020 నవంబరులో విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్ పెట్టెలో కూలర్ ఉండదు. విడిగా కొనుక్కోవాలి. అందుకే ఈ ప్రాసెసర్ వాడేవాళ్లలో చాలామంది మొదటి రోజే ఒక పెద్ద కూలర్ బిగించి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో 90 డిగ్రీలు చూసి కంగారుపడి, కూలర్ నాసిరకమని తేల్చేస్తారు. పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ నా దగ్గరికి వచ్చిన కొత్తలో నా కంప్యూటర్‌లోనూ అదే అంకె కనిపించింది. ఇప్పుడు అదే ప్రాసెసర్ మీద, అదే పనికి, అదే కూలర్‌తో ఉష్ణోగ్రత 70కి లోపే నిలుస్తోంది. మధ్యలో ఏం మారిందో చెప్పకుండా కూలర్ మంచిదనో చెడ్డదనో తీర్పు చెబితే చదివేవారికి ఉపయోగం ఉండదు కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ వెతుకులాట గురించే ఉంటుంది.

ముందు వస్తువు సంగతి. ఇది రెండు టవర్ల గాలి కూలర్. నికెల్ పూత వేసిన రాగి అడుగు నుంచి 6 మిల్లీమీటర్ల మందం గల ఆరు హీట్ పైపులు (వేడిని మోసే గొట్టాలు) రెండు రెక్కల గుత్తుల్లోకి వెళతాయి. ముందొకటి, మధ్యలో ఒకటి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉంటాయి. ఎత్తు 155 మిల్లీమీటర్లు. మీ క్యాబినెట్ వివరాల్లో కూలర్‌కు ఇచ్చిన ఎత్తు అంతకన్నా ఎక్కువ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. ముందరి ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది కాబట్టి పొడవాటి అలంకారపు తొడుగులున్న ర్యామ్ అయితే ఫ్యాన్‌ను పైకి జరపాల్సి వస్తుంది, దానితో మొత్తం ఎత్తూ పెరుగుతుంది. మార్కెట్లో ఇంతకు ఎన్నో రెట్లు ధర పలికే రెండు టవర్ల కూలర్ల పక్కన పెట్టి చూసినా లోహపు పనితనంలో నాకు లోటేమీ కనిపించలేదు.

నా కంప్యూటర్‌ను ఒక దుకాణంవారు బిగించి ఇచ్చారు. ఖాళీగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉండేది. ప్రాసెసర్ మీద పూర్తి భారం మోపే పరీక్ష సాఫ్ట్‌వేర్ సినీబెంచ్ పెట్టగానే మాత్రం రెండు మూడు సెకన్లలో ఉష్ణోగ్రత 90కి చేరేది, ఫ్యాన్లు హోరెత్తేవి, వేగం క్రమంగా పడిపోయేది. 5800ఎక్స్‌కు ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు 90 డిగ్రీలే కాబట్టి, ఆ గీత తగలగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇక్కడ గమనించవలసినది ఉష్ణోగ్రత ఎంత ఉందనే దానికన్నా ఎంత త్వరగా అక్కడికి చేరిందనేది. నిమిషాల తరబడి మెల్లగా పాకుతూ పైకి పోతుంటే కూలర్‌కు చల్లని గాలి అందడం లేదని అనుమానించాలి. భారం పడీపడగానే ఒక్క గెంతులో శిఖరానికి పోతే, వేడి అసలు కూలర్ దాకా సరిగా వెళ్లడం లేదన్నమాట. అప్పుడు నేను టవర్ పై అంచున రెక్కలను వేలితో తాకి చూశాను. గోరువెచ్చగా మాత్రమే ఉన్నాయి. ప్రాసెసర్ 90లో ఉండగా రెక్కలు గోరువెచ్చగా ఉన్నాయంటే, రెక్కలూ ఫ్యాన్లూ తమ పని తాము చేస్తున్నట్టే. అడ్డంకి వాటికి కింద, ప్రాసెసర్‌కూ రాగి అడుగుకూ మధ్య ఎక్కడో ఉంది.

కూలర్ విప్పేటప్పుడు ఏఎం4 సాకెట్ (మదర్‌బోర్డు మీద 5800ఎక్స్ కూర్చునే చోటు) వాడేవారు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి. ఈ సాకెట్‌లో 1331 పిన్నులూ ప్రాసెసర్‌కే ఉంటాయి. వేడి సరిగా అందేందుకు ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ గట్టిపడి అతుక్కుపోయి ఉంటే, కూలర్‌ను నిలువునా పైకి లాగినప్పుడు లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకని కాసేపు ఏదైనా బరువైన పని నడిపి పేస్ట్‌ను వెచ్చబరచాలి, ఆ తర్వాత కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకి, మధ్య ఫ్యాన్ తీసి, రెండు స్క్రూలూ వదులు చేసి, కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ విడదీయాలి. కూలర్ బిగించే విధానాన్ని వివరించే వీడియోల్లో ఈ మాట చెప్పేవారు తక్కువ. ఒక్క వంగిన పిన్ను ఖరీదు కూలర్ ఖరీదుకన్నా ఎక్కువ కావచ్చు.

విప్పి చూస్తే కారణం కంటికి కనిపించింది. ఒక స్క్రూ వైపు పేస్ట్ పలచగా, రాగి అడుగు కనిపించేంతగా పరుచుకుని ఉంది. రెండో వైపు బూడిద రంగు ముద్ద వేసింది వేసినట్టే, మెరుస్తూ, మందంగా మిగిలి ఉంది. అంటే ఒక స్క్రూను పూర్తిగా బిగించేశాక రెండోదాని జోలికి వెళ్లారు. అది తుది దాకా దిగలేదు, కూలర్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఈ కూలర్‌కు స్ప్రింగ్ ఉన్న స్క్రూలు రెండే. రెండింటినీ ముందు పట్టు దొరికేవరకే తిప్పి, ఆపైన ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు చొప్పున, ఇక తిరగని దాకా బిగించాలి. స్ప్రింగే ఒత్తిడిని సరిచూస్తుంది కాబట్టి ఎక్కువ బిగుతు అవుతుందేమోనని మధ్యలో ఆగకూడదు. అలాగని ఆగిపోయిన స్క్రూను బలవంతంగా తిప్పనూ కూడదు. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కూలర్‌తో పాటు వచ్చిన పేస్ట్‌నే మళ్లీ వేశాను. ఖరీదైన పేస్ట్ వల్ల మహా అయితే కొద్ది డిగ్రీలు తగ్గుతాయేమో గాని, వంకరగా కూర్చున్న కూలర్‌ను ఏ పేస్టూ సరిచేయదు.

ఆ తర్వాత, గది సుమారు 30 డిగ్రీలు ఉన్న పూట, అదే పరీక్షలో ఉష్ణోగ్రత 82 దగ్గర నిలిచింది. వేగం పడిపోవడం ఆగింది. చాలామంది ఇక్కడ కూడా నిరాశపడతారు. ఇంత పెద్ద కూలర్‌కు 82 ఏమిటని అడుగుతారు. జవాబు ప్రాసెసర్ నిర్మాణంలో ఉంది. 5800ఎక్స్‌లోని ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్లున్న ఒకే చిప్లెట్‌లో, అంటే ఒకే చిన్న సిలికాన్ ముక్కలో ఉంటాయి. దానికి టీడీపీ, అంటే కూలర్ ఎంపిక కోసం ఇచ్చే వేడి అంకె, 105 వాట్లని రాసినా, సాకెట్ నుంచి తీసుకోగల గరిష్ఠ విద్యుత్తు, అంటే పీపీటీ, 142 వాట్లు. పన్నెండు కోర్ల 5900ఎక్స్‌కు కూడా హద్దు అదే 142 వాట్లు. అయితే అందులో ఆ వేడి రెండు చిప్లెట్లకు పంచబడుతుంది. 5600ఎక్స్‌కైతే హద్దే 76 వాట్లు. పైగా ఈ చిప్లెట్ ప్రాసెసర్ మూతకు సరిగ్గా నడుమన ఉండక ఒక పక్కకు ఉంటుంది. ఇరుకు మూతి కూజాలోంచి నీళ్లు ఎంత తొందరపెట్టినా అంతే బయటికి వచ్చినట్టు, ఇంత చిన్న చోటు నుంచి వేడి బయటపడే వేగానికి ఒక పరిమితి ఉంది. అందువల్ల ఈ ప్రాసెసర్‌కు ఇంకా పెద్ద నీటి కూలర్ కొన్నా, పెట్టిన డబ్బుకు తగ్గట్టు డిగ్రీలు తగ్గవు.

తగ్గించవలసింది మూలంలోనే, అంటే విద్యుత్తులోనే. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఎకో మోడ్‌ను 65 వాట్ల టీడీపీకి పెడితే పీపీటీ 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. నా కంప్యూటర్‌లో ఉష్ణోగ్రత 70కి లోపు నిలవడం ఈ మార్పు తర్వాతే. అన్ని కోర్లూ కలిసి చేసే వీడియో పనికి సమయం కొంత పెరిగింది, ఆటల్లో మాత్రం నాకు తేడా తెలియలేదు. వేగం వదులుకోవడం ఇష్టం లేనివారు బయోస్‌లోనే ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌లో వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించి చూడవచ్చు. కాకపోతే అది ఓపికతో చేయవలసిన పని, ఎందుకంటే తగ్గింపు అతి అయితే భారంలో నిలిచిన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఉన్నట్టుండి రీస్టార్ట్ కావచ్చు. పీబీఓ (విద్యుత్తు హద్దులను పెంచే అమరిక) ఆన్‌లో ఉంటే మాత్రం ముందు ఆ పెంపును ఆపేసి చూడండి.

ఇక గాలి సంగతి. గాలి కూలర్ ఏదైనా గది ఉష్ణోగ్రతకన్నా కిందికి దించలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో హైదరాబాద్‌లో తీసిన అంకెలను మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది అంకెలతో పోల్చి కూలర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. క్యాబినెట్ పరీక్ష సులువు: పక్క తలుపు తీసి అదే పని నడపండి. ఉష్ణోగ్రత చెప్పుకోదగ్గంత పడితే లోపం కూలర్‌ది కాదు, గాలి చొరబడని ముందు అద్దానిది. నా క్యాబినెట్‌కు ముందు జాలీ ఉంది, తలుపు తీసినా తేడా అంతగా రాలేదు.

ఫ్యాన్లు గరిష్ఠంగా నిమిషానికి 1550 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో శబ్దం వినిపిస్తుంది గాని కీచుమనదు. రెండింటినీ చీలిక కేబుల్‌తో మదర్‌బోర్డు మీది సీపీయూ ఫ్యాన్ కనెక్టర్‌కే కలపాలి. రైజెన్ ప్రాసెసర్లలో బ్రౌజర్ తెరిచినా ఉష్ణోగ్రత క్షణకాలం ఎగిరి పడుతుంది, అది లోపం కాదు. ఆ ఎగుడుదిగుళ్లకు ఫ్యాన్లు స్పందించకుండా బయోస్‌లో 60 డిగ్రీల వరకు ఒకే నెమ్మది వేగాన్ని ఉంచి, వేగం పెరిగే ముందు కొన్ని సెకన్ల ఆలస్యం పెడితే గది ప్రశాంతంగా ఉంటుంది.

5800ఎక్స్, 5900ఎక్స్ వాడేవారికి ఈ కూలర్‌ను సందేహం లేకుండా సూచిస్తాను. 5600ఎక్స్‌కు ఒకే టవర్ ఉన్న కూలర్ సరిపోతుంది, ఇంత అవసరం లేదు. ఇది ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్‌కూ సరిపోతుంది గాని, అందులో వాడే 7600ఎక్స్, 7700ఎక్స్ లాంటివి భారం పడితే 95 డిగ్రీల దాకా వెళ్లేలా ఏఎండీయే రూపొందించింది కాబట్టి, అక్కడ ఆ అంకె చూసి కూలర్ విప్పే ముందు ఎకో మోడ్ పెట్టి చూడండి.