కేకుకి కుక్కరా, ఓవెనా?

ఖర్చు: కుక్కర్ ఇంట్లో ఉన్నదే. ఓటీజీకి, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌కి, వేల రూపాయలు పెట్టాలి, దానికి చోటూ కావాలి.

శ్రమ: కుక్కర్‌కి గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, 10 నిమిషాలు వేడెక్కనిచ్చి, సన్నని సెగ మీద 45 నిమిషాలు ఉంచాలి. తొందరపడి మూత తీస్తే కేకు నడుమ కుంగిపోతుంది. ఓవెన్‌లో 180 డిగ్రీలు పెడితే సెగ అదే చూసుకుంటుంది.

రిస్కు: నీళ్లు లేకుండా కాగితే కుక్కర్ పాడవుతుంది. పాతది వాడండి.

బ్రెడ్డు: అసలు తేడా ఇక్కడే. పైసెగ లేని కుక్కర్‌లో బ్రెడ్డు పైన తెల్లగానే ఉండిపోతుంది. ఓవెన్‌లో ఎర్రగా కాలుతుంది. తీయగానే వెన్న రాసి గుడ్డ కప్పండి, పై పొర ఎంత మెత్తబడుతుందో! మా ఇంట్లో కోయకముందే అందరూ చుట్టూ చేరిపోతారు.

ఏడాదికి రెండు మూడు పుట్టినరోజు కేకులకైతే కుక్కరే చాలు. వారం వారం బ్రెడ్డు చేసి పంచాలనుంటే ఓటీజీ కొనండి.