మూడేళ్ళు వాడాక మాంటిస్సోరి సామాను: ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది

రెండున్నర నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో చేతులతో పనులు చేస్తూ సొంతంగా నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి సామానును మూడేళ్ళకు పైగా రోజూ వాడాక రాస్తున్న సమీక్ష ఇది. తేలిన విషయం ముందే చెప్పేస్తాం. అట్టపెట్టెల్లో వచ్చిన ఖరీదైన చెక్క సామాను కంటే, వంటింట్లోంచి తీసి పళ్ళెంలో పెట్టిన గిన్నెలూ గరిటెలే పిల్లలకు ‘నా పని నేనే చేసుకుంటా’ అనే అలవాటు ఎక్కువ చేశాయి. చాలామంది గులాబి దిమ్మెల గోపురంతో (పెద్దదాని మీద చిన్నది పేర్చే చెక్క ఘనాలతో) మొదలుపెడతారు. దాన్ని ఆరునెలలు ఆలస్యంగా కొన్నా నష్టం లేదు.

మొదట కావలసింది అల్మరా. రెండడుగుల ఎత్తు, రెండే అరలు, తలుపులు ఉండకూడదు. ఒక్కో పనికి ఒక్కో పళ్ళెం, మొత్తం ఆరు నుంచి ఎనిమిది. పదిహేను పెడితే పిల్లలు ఏదీ ఎంచుకోరు, అన్నీ లాగి పారేస్తారు. వారం పదిరోజులు ఎవరూ ముట్టని పళ్ళెం తీసేసి ఇంకోటి పెట్టాలి. కింద పరుచుకోవడానికి రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న చిన్న చాప చాలు. దాన్ని చుట్టడం, విప్పడం, దాని మీద కాలు పెట్టకుండా పక్కనుంచి నడవడం కూడా నేర్పాల్సిన పాఠాలే. చాప పరిచినంత మేర ఆ బిడ్డ చోటు. ఇంకొకరు అడక్కుండా చెయ్యి పెట్టకూడదు.

నీళ్ళు పొయ్యడం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువ మంది విసుగొచ్చి మానేసేది ఇక్కడే. నేరుగా నీళ్ళతో మొదలుపెట్టొద్దు. ముందు శనగలు, తర్వాత పెసలు, తర్వాత బియ్యం, ఆ తర్వాతే నీళ్ళు. గింజ సన్నబడేకొద్దీ మణికట్టు అదుపు పెరుగుతుంది. 150 మిల్లీలీటర్లు పట్టే చిన్న కొమ్ముచెంబు, దానికి తగిన గాజు గ్లాసు తీసుకోవాలి. గ్లాసు మీద ముప్పాతిక ఎత్తులో రంగు టేపు అంటిస్తే ఎంతవరకు పొయ్యాలో మనం చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ గ్లాసు పనికిరాదు. కింద పడినా ఏమీ కాదని తెలిసిన వస్తువును ఏ బిడ్డా జాగ్రత్తగా పట్టుకోదు. గాజు పగులుతుందన్న భయంతో స్టీలు గ్లాసు పెడితే నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కనుంచి కనపడదు, పొంగిపోతుంది. పగిలితే గాజుపెంకులు పెద్దవాళ్ళే ఎత్తాలి, అందులో చర్చ లేదు.

తుడిచే గుడ్డ ఆ పళ్ళెంలోనే ఉండాలి, జానెడు మించకూడదు. పెద్ద తువ్వాలు ఇస్తే పిల్లలు పిండలేరు, తడి ఇంకా పరుచుకుంటుంది. నీళ్ళు ఒలికినప్పుడు మనం చెయ్యాల్సింది ఏమీ లేదు. మనం తుడిచేస్తే ఒలకబోయడం వాళ్ళ పని, తుడవడం మన పని అని పంపకం జరిగిపోతుంది.

చేసి చూపించేటప్పుడు కుడిచేతివాటం బిడ్డకు కుడిపక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే చేతి కదలిక అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపిస్తుంది. చేస్తున్నప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడేటప్పుడు చేతులు ఆపెయ్యాలి. రెండూ కలిపితే బిడ్డ మన మొహం చూస్తుంది, చేతులు చూడదు.

మిగతా వంటింటి పనుల్లో నిలబడినవి: చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పచ్చిబఠాణీలు ఒలవడం, మొద్దు చాకుతో అరటిపండు ముక్కలు కోయడం, మరచెంబు మూత తిప్పి బిగించడం. మరచెంబుకు మా ఓటు పూర్తిగా. బజారులో ‘మూతల పలక’ పేరుతో అమ్మే చెక్క బొమ్మ చేసే పనినే అది చేస్తుంది, పైగా తర్వాత నీళ్ళు తాగొచ్చు. గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి చట్రాలు కొనక్కర్లేదు. పాత చొక్కా ముందుభాగాన్ని అట్టకు బిగించి, పెద్ద గుండీలు కుట్టి, కాజాలు కొంచెం వదులు చేస్తే సరిపోతుంది. కాజా బిగుతైతే మూడోసారికే విసిరేస్తారు.

ఇక కొనదగ్గ చెక్క సామాను. మొదటి స్థానం స్థూపాల దిమ్మెలది: నాలుగు దిమ్మెలు, ఒక్కోదానిలో పది గుంటలు, పది స్థూపాలు. పైనున్న చిన్న పిడిని మూడువేళ్ళతో పట్టుకోవాలి, తర్వాత పెన్సిల్ పట్టుకోవాల్సింది కూడా అలాగే. దీని అసలు గుణం ఏమిటంటే తప్పును అదే చూపిస్తుంది. ఒకటి తప్పు గుంటలో పెడితే చివర్లో ఒక స్థూపం పట్టకుండా మిగిలిపోతుంది, ఎత్తు మాత్రమే మారే దిమ్మెలో అయితే పైకి పొడుచుకొస్తుంది. చవకరకంలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయి ఒకే స్థూపం రెండు గుంటల్లో కూర్చుంటుంది. అప్పుడు ‘తప్పు’ అని మనం చెప్పాల్సి వస్తుంది, సామాను కొన్న ప్రయోజనమే పోతుంది. అందుకని ఇంటికి రాగానే ప్రతి స్థూపాన్నీ దానికంటే ఒక సైజు చిన్న గుంటలో పెట్టి చూడాలి. పూర్తిగా దిగితే వెనక్కి పంపెయ్యండి. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం దగ్గర ఊళ్ళలో, చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. నీడలో ఆరబెట్టి, అంచులకు కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దితే వదులవుతుంది. తడిగుడ్డతో ఎప్పుడూ తుడవకూడదు.

గులాబి గోపురంలో ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది ఘనాలుంటాయి. కొలతలు సరిగా ఉన్నాయో లేదో చూడడం తేలిక: ఒక దానిపై ఇంకోదాన్ని ఒక మూలకు ఆనించి పేరిస్తే, మిగిలిన మెట్టు మీద అన్నిటికన్నా చిన్న ఘనం సరిగ్గా పట్టాలి. ఆ చిన్నదే మంచాల కిందకు పోయేది, మూడేళ్ళ లోపు పిల్లలు నోట్లో పెట్టుకునేదీ అదే. సర్దేటప్పుడు లెక్కపెట్టండి. ఘనాలను ఒక్కొక్కటే మోసుకెళ్ళాలి, పదిసార్లు తిరగాలి. ఆ తిరుగుడే పాఠంలో సగం.

వేలితో తడిమి ఆకారం నేర్చుకునే తెలుగు గరుకు అక్షరాల అట్టలకు ఐదుకు రెండున్నర మార్కులే. 120 నంబరు గరుకు కాగితం బాగుంటుంది. 80 నంబరుది వేళ్ళను గీరుతుంది, పిల్లలు మళ్ళీ ముట్టరు. అచ్చులు నీలం అట్ట మీద, హల్లులు గులాబి అట్ట మీద ఉండడం పద్ధతి. అసలు చిక్కు వేరే ఉంది. బజారులో దొరికే చాలా సెట్లు అలంకారపు ఖతిలో (ఫాంటులో) ఉంటాయి, చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. తలకట్టును అక్షరంతో కలిపి ఒకే ముక్కగా కత్తిరిస్తారు. అప్పుడు ‘క’కు గుడి పెట్టి ‘కి’ చెయ్యడం ఎలా? అందుకే పదాలు పేర్చే అక్షరాలు ఇంట్లోనే చేసుకోవడం మేలు: తలకట్టు లేని ‘క’, విడిగా తలకట్టు, విడిగా గుడి, కొమ్ము, ఏత్వం. జ, ణ, బ, ల లాంటివాటికి తలకట్టు లేదు కాబట్టి వాటికి దీర్ఘం, గుడి ముక్కలను వేరే ఆకారంలో కత్తిరించాలి. మొ, యొ దగ్గర గుర్తు మారుతుంది, వాటిని పూర్తి అక్షరంగానే ఉంచండి. ఒకసారికి మూడే అక్షరాలు, అదీ పోలిక లేనివి: ర, మ, బ లాంటివి. వ, మ, ప, ష ఒకేసారి ఇస్తే అన్నీ కలిసిపోతాయి. ‘ఇది ర’, ‘ర ఏది?’, ‘ఇదేమిటి?’ అనే మూడు మెట్లలో మధ్యదానికే ఎక్కువ రోజులు పట్టాలి. మూడో ప్రశ్నకు తొందరపడితే పాఠం పరీక్షైపోతుంది.

లెక్కల పుల్లల పెట్టె కొనొద్దు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలున్న గదుల్లో అంకెకు తగినన్ని వెయ్యడానికి కావలసినవి 45 పుల్లలు, కొబ్బరి చీపురులో దొరుకుతాయి. ఒకటి నుంచి పది దాకా వరసలు పేర్చడానికి 55 చింతపిక్కలు చాలు, మూడేళ్ళు దాటాకే.

మంచి నడవడి అన్నది పళ్ళెంలో పెట్టి ఇచ్చేది కాదు గానీ, ఏర్పాటు దానికి దారి చేస్తుంది. ప్రతి వస్తువూ ఒకటే ఉండాలి, ఇద్దరు పిల్లలున్నా రెండోది కొనకూడదు. తన వంతు వచ్చేదాకా ఆగడం అక్కడే అలవాటవుతుంది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే భుజం మీద చెయ్యి వేసి ఆగాలని విడిగా, గొడవ లేని వేళ నాటకంలా ఆడి చూపించాలి, తప్పు చేసినప్పుడు కాదు. ‘శభాష్’, చప్పట్లు, చాక్లెట్టు మానెయ్యడం పెద్దవాళ్ళకే కష్టం. పొగడ్త మరిగిన బిడ్డ ప్రతి ఘనం పెట్టాక వెనక్కి తిరిగి చూస్తుంది.

ఉమ్మడి ఇంట్లో ఒక ఇబ్బంది తప్పదు. ఇక్కడ తన చేత్తో తినడం నేర్పుతుంటే అక్కడ నాయనమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. ఆవిడతో వాదించే కన్నా చిక్కుడుకాయల పళ్ళెం తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టడం నయం. ఈనెలు తీయడంలో ఆవిడను మించిన టీచరు లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు స్థూపాల పిడులు ఊగుతున్నాయేమో, గోపురంలో చిన్న ఘనం ఉందో లేదో చూసుకోండి. రంగు పెచ్చులూడిన ఘనాలు వద్దు. పెచ్చు ఊడితే పిల్లలు పరిమాణం బదులు ఆ మచ్చను గుర్తుపెట్టుకుని పేరుస్తారు.