గ్యాస్ బండ రీఫిల్ సేవ: ఫోనులో సులువు, గుమ్మం దగ్గర జాగ్రత్త

రాజమహేంద్రవరంలో మా పేటకు వంటగ్యాస్ సరఫరా చేసే ఏజెన్సీ పనితీరు గురించి, కొత్తగా అద్దెకు దిగేవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఏజెన్సీ పేరుతో ఇక్కడ పని లేదు. దాని మంచిచెడ్డలు చాలావరకు ఏ ఊరి ఏజెన్సీలోనైనా కనిపించేవే.

బుకింగ్ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కనెక్షన్‌కు అనుసంధానమైన నంబరు నుంచి ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చినా, వాట్సాప్‌లో సందేశం పెట్టినా, యాప్ తెరిచినా నిమిషంలో బుకింగ్ నంబరు వచ్చేస్తుంది. పొయ్యి మీద పప్పు సగం ఉడికేసరికి మంట ఆరిపోతే పక్కింటివారి బండ అడిగి తెచ్చుకునే అవసరం మాకు ఈమధ్య రాలేదు. రెండు బండల కనెక్షన్ తీసుకోవడం అందుకు ఒక కారణమైతే, మామూలు రోజుల్లో బుక్ చేసిన మరునాడో ఆ మరునాడో బండి వీధిలోకి రావడం రెండో కారణం. సంక్రాంతికి ముందు, ఇంటింటా అరిసెల పాకం పట్టే రోజుల్లో మాత్రం ఆలస్యం తప్పదు కనుక, మొదటి బండ అయిపోయి రెండోది తగిలించిన రోజే బుక్ చేసుకోవడం మేలు.

బండ ఇంటికి వచ్చాక ఫోనుకు వచ్చిన కోడ్‌ను డెలివరీ కుర్రాడికి చెప్పాలి. మన పేరిట బుక్ అయిన బండ హోటలుకో టీ బడ్డీకో తరలిపోకుండా ఈ పద్ధతి కొంత అడ్డుకట్ట వేసింది. అయితే ఆ కోడ్ బండ చేరిందని చెబుతుందే తప్ప, అందులో గ్యాస్ ఎంత ఉందో చెప్పదు. కోడ్ చెప్పేస్తే లెక్క ప్రకారం సరుకు ముట్టినట్టే కనుక, చూడవలసినవన్నీ అంతకు ముందే చూసుకోవాలి. చాలామంది చేసేది మాత్రం తలుపు తీస్తూనే కోడ్ అప్పగించడం.

మొదట చూడవలసింది తూకం. గృహావసరాల బండలో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బండ బరువు ఒక్కో బండకు ఒక్కో రకంగా ఉంటుంది, అది బండ మీదే రాసి ఉంటుంది. అక్కడ 15.8 అని ఉంటే నిండు బండ సరిగ్గా 30 కిలోలు తూగాలి. ఇంతకు మించిన లెక్క ఏమీ లేదు. కాటా వెంట తేవడం ఏజెన్సీ బాధ్యత, తూచి ఇమ్మని అడగడం మన హక్కు. మా వీధికి వచ్చే కుర్రాడు అడగనిదే కాటా బయటికి తీయడు, "కాటా ఉందా బాబూ?" అంటే మాత్రం "బండిలో ఉందండీ, తెస్తాను" అని విసుక్కోకుండా తెస్తాడు. ఒకసారి ముల్లు కిలోకు పైగా తక్కువ చూపితే మారు మాట్లాడకుండా ఆ బండను బండిలో పెట్టేసి వేరొకటి దింపాడు. ఆ సర్దుబాటు మెచ్చుకోదగినదే. అడగని ఇళ్ళకు అటువంటి బండలు ఎన్ని చేరుతున్నాయన్నది వేరే సంగతి.

తూకం అయ్యాక బండ పైభాగంలోని ఇనుప పట్టీల లోపలివైపు ఒక చూపు వేయాలి. అక్కడ ఆంగ్ల అక్షరం, పక్కన సంవత్సరం అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి వరకు, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు. ఆ గడువులోగా బండను మళ్ళీ పరీక్షకు పంపాలని దాని భావం. గడువు దాటిన బండను నిరభ్యంతరంగా తిప్పి పంపవచ్చు. సీలు తీయించి, లోపలి రబ్బరు వాషర్ ఉందో లేదో చూసి, వాల్వులో రెండు చుక్కల నీళ్ళు వేయించి బుడగలు రాలేదని తేల్చుకున్నాకే బండను వంటింట్లోకి పంపించడం మా ఇంటి అలవాటు. ఆ తరువాత ఎప్పుడైనా వాసన వస్తే ఏ వేళనైనా 1906కు ఫోన్ చేయవచ్చు.

ఈ సేవలో నాకు బొత్తిగా నచ్చనిది పైడబ్బు. ఇంటికి చేర్చే ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది. అయినా మెట్లెక్కినందుకని కొంత అడగడం ఇక్కడ రివాజైపోయింది. ముప్పై కిలోల ఇనుప బండను భుజాన వేసుకుని మూడో అంతస్తుకు మోసే మనిషికి ఇష్టపడి ఇస్తే నేను కాదనను; బిల్లు చేతికివ్వకుండా మొత్తాన్ని నోటితో చెప్పి వసూలు చేయడం మాత్రం తప్పే. 2024 నవంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత బండలు పొందేవారు కూడా ముందు పూర్తి ధర చెల్లించాలి, ఆ సొమ్ము తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. పైడబ్బు తిరిగి రాదు కనుక వారి ఉచిత బండకూ అంత ఖర్చు మిగులుతోంది. ఏజెన్సీ కౌంటరులో ఈ మాట ఎత్తితే "మీరు ఇవ్వకండి" అంటారే గాని, కుర్రాళ్ళకు చెప్పినట్టు కనబడదు.

ఇన్ని చెప్పినా ఏజెన్సీ మార్చుకునే ఆలోచన మాకు లేదు. వేళకు బండ వస్తోంది, తూకం తగ్గితే మార్చి ఇస్తున్నారు. బుక్ చేసినప్పుడే సరిపడా చిల్లర సిద్ధం చేసుకుని, బిల్లు చూశాక, కాటా ఎక్కించాక కోడ్ చెప్పండి.