కారు వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చాను: రెండేళ్ళ తర్వాత మాట

ముందే చెప్పేస్తాను. డబ్బు మిగులుతుందన్న ఆశతో అయితే ఈ పనికి దిగొద్దు. జాకీ స్టాండ్లు, పిస్టన్ తిప్పే టూల్, టార్క్ రెంచ్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, గ్రీజు అన్నీ కొనేసరికి మొదటిసారి షెడ్డు ఖర్చును దాటిపోతుంది. అయినా ఈ ఒక్క పనికి నేను మళ్ళీ షెడ్డుకు పోను.

మా బండి మారుతి ఎస్-క్రాస్ డీజిల్. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులే. బెంగళూరులో మారతహళ్ళి వైపు ఉంటాం కాబట్టి రోజూ ఔటర్ రింగ్ రోడ్డే గతి, సెలవు దొరికితే అనంతపురమో తిరుపతో. వెనక ప్యాడ్లు నా చేత్తో మార్చి రెండేళ్ళు దాటింది. వాటి మీద బండి 30,000 కిలోమీటర్లకు పైనే తిరిగింది.

వెనక బ్రేకుల మీద భారం తక్కువ కదా, అవెందుకు అరుగుతాయి అని చాలామంది అడుగుతారు. గట్టిగా తొక్కితే బరువు ముందుకు పడుతుంది, పని ఎక్కువగా ముందు బ్రేకులే చేస్తాయి, నిజమే. కానీ టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఎవరు గట్టిగా తొక్కుతారు? పదడుగులు కదలడం, మెల్లగా పెడల్ మీద కాలు వేయడం, అంతే కదా. అలా తేలిగ్గా తొక్కినప్పుడు ఈబీడీ (ముందు, వెనక బ్రేకులకు బలాన్ని దానంతటదే పంచే ఏర్పాటు) ఉన్న బండ్లలో వెనక చక్రాలకూ మంచి వాటానే వెళ్తుంది. పైగా వెనక ప్యాడ్లు చిన్నవి. వీటికి తోడు మెట్రో పనుల దుమ్ము, వానాకాలం బురద.

అసలు కథ అరుగుదల ఎంత అన్నది కాదు, ఎలా అరిగింది అన్నది. సర్వీసుకు ఇచ్చిన చోట ప్రతిసారీ "వెనక ప్యాడ్లు బాగున్నాయి సార్" అనేవాళ్ళు. ఆ మాట విన్న కొన్నాళ్ళకే ఎడమ వెనక చక్రం నుంచి కీచుమని చప్పుడు మొదలైంది. చక్రం విప్పి చూస్తే బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది. లోపలిది దాదాపు ఇనుప రేకు దాకా వచ్చేసింది. అల్లాయ్ చక్రం సందుల్లోంచి తొంగి చూస్తే కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. అది చూసి బాగుందని చెప్పడంలో అబద్ధమేమీ లేదు, పనికొచ్చే నిజమూ లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఈ రకం కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే పట్టకారు లాంటిది) పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి వైపే. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు కాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిన్నుల్లో గ్రీజు ఎండిపోతే కాలిపర్ జరగదు, చాకిరీ అంతా లోపలి ప్యాడే చేస్తుంది. మా బండిలో ఒక పిన్ను తుప్పు పట్టిన గొళ్ళెంలా బిగుసుకుపోయింది. తిప్పి తిప్పి లాగితే గానీ రాలేదు. ప్యాడ్లు మాత్రం కొత్తవి వేసి పంపేసి ఉంటే ఇంకో ఏడాదికి మళ్ళీ ఇదే గోల. అందుకే నా దృష్టిలో ఈ పనిలో ముప్పావు వంతు పిన్నులు శుభ్రం చేయడమే, ప్యాడ్లు మార్చడం పావు వంతు. రెండు పిన్నులూ ఒకేలా కనిపించినా ఒకదానికి కొసన రబ్బరు ఉండొచ్చు, తారుమారు చేయకూడదు. గ్రీజు బ్రేకులకోసం చేసిన సిలికాన్ రకమే కావాలి. మామూలు గ్రీజు పూస్తే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి.

టూల్ సంగతి. వెనక కాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేక్ కలిసి ఉన్న బండ్లలో పిస్టన్‌ను సీ-క్లాంప్‌తో నొక్కితే వెనక్కి పోదు, లోపలి స్క్రూ పాడవుతుంది. నొక్కుతూనే తిప్పాలి, సాధారణంగా కుడివైపు. ఇక్కడి ఎస్‌పీ రోడ్డు కొట్లలో దీనికోసం చవకగా దొరికే చదరపు ముక్క ఒకటి ఉంది. అది తిప్పుతుంది గానీ నొక్కదు, జారి చేతికి తగులుతుంది. రకరకాల ప్లేట్లతో పెట్టెలో వచ్చే స్క్రూ రకం కొనుక్కుంటే మంచిది. నా పెట్టెలో సగం ప్లేట్లు ఇంతవరకూ దేనికీ పట్టలేదు, పట్టిన ఆ ఒక్కటి మాత్రం వెన్నలా పని చేసింది. చివర్లో పిస్టన్ మీది గాడి సరైన దిక్కులో ఆగాలి. లోపలి ప్యాడ్ వెనకున్న చిన్న పొడుపు ఆ గాడిలో కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా అరుగుతుంది.

బేస్‌మెంట్‌లో చేస్తుంటే మా మదనపల్లె సెక్యూరిటీ అన్న వచ్చి నిలబడ్డాడు. "ఏం సార్, షెడ్డుకు పోకుండా మీరే ఇప్పుతాండారే?" అని. ముందు చక్రాలకు అడ్డంగా పెట్టడానికి రాళ్ళు తెచ్చి ఇచ్చిందీ ఆయనే. అవి తప్పనిసరి. పిస్టన్ తిరగాలంటే హ్యాండ్ బ్రేక్ దించాలి, కాబట్టి బండిని పట్టుకునేది ఫస్ట్ గేరూ ఆ రాళ్ళే. కంపెనీ ఇచ్చే జాకీ మీద మాత్రమే బండి నిలబెట్టి పని చేయకూడదు, స్టాండ్ పెట్టాల్సిందే. కాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పిస్టన్ వెనక్కి పోతుంటే పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పెరుగుతుంది. నిండా ఉంటే పొంగి పెయింటును తినేస్తుంది. అంతా బిగించాక, బండి కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుకు బ్రేకు ఉండదు.

ప్యాడ్లు జేసీ రోడ్డులో తీసుకున్నాను. సిరామిక్ తీసుకోమని కొట్టతను గట్టిగానే చెప్పాడు. నేను కంపెనీ ప్యాడ్లే కొన్నాను. వెనక చక్రాలకు అంతకు మించి అక్కర్లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడిపాను. తర్వాత ఏ పేచీ లేదు. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బండి నిండా మనుషులు, సామాను. సెకండ్ గేర్‌లో దిగితే పెడల్ ఎక్కడా మెత్తబడలేదు. వాన పడిన మర్నాడు పొద్దున మొదటి హంప్ దగ్గర గరగరమంటుంది, అది డిస్కు మీది తుప్పు, రెండుసార్లు తొక్కితే పోతుంది. నచ్చనిదల్లా నల్ల దుమ్ము. వారం తిరక్కుండానే వెనక చక్రాలు మసిబారతాయి. ఆ విషయంలో సిరామిక్ మేలు.

మొన్న విప్పి కొలిస్తే లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ దాదాపు సమానంగా ఉన్నాయి. రెండూ ఇంకా నాలుగు మిల్లీమీటర్ల పైనే. మూడు కిందికి వస్తే మార్చేస్తాను. సాధారణంగా డిస్కు మీదే కనీస మందం చెక్కి ఉంటుంది. ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాలని ఎవరైనా అంటే, ఆ అంకె చూపించి కొలవమనండి. నాకు అప్పట్లో అలాగే చెప్పారు, కొలిస్తే ఇంకా బోలెడు మిగిలి ఉంది.

పై ఫ్లోర్‌లో ఉండే ఒంగోలు కుర్రాడు టూల్ అరువడిగాడు. అతని కొత్త బండికి హ్యాండ్ బ్రేక్ లివర్ లేదు, బటన్ ఉంది. అలాంటి వాటిని, సాధారణంగా స్కానర్ పెట్టి, సర్వీస్ మోడ్‌లోకి తెచ్చాకే పిస్టన్ ముట్టుకోవాలి, లేకపోతే హ్యాండ్ బ్రేక్‌ను నడిపే మోటారు పోవచ్చు. టూల్ ఇవ్వలేదు. చక్రం విప్పి లోపలి ప్యాడ్ ఎంతుందో చూసి పెట్టాను, వచ్చే దసరా దాకా ఢోకా లేదు.